స్టూడియో కెమెరాకు చుక్క నూనె

విద్యాసంవత్సరం ముగియబోయే దినాలలో ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి తీయించుకొన్న సామూహిక ఛాయాచిత్రాలు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాత పాఠశాలలలో ఇప్పటికీ అక్కడక్కడ గోడలకు వేలాడుతూ ఉంటాయి. నడుమ కుర్చీలలో ప్రధానోపాధ్యాయులు, సహోపాధ్యాయులు. వారి పాదాలచెంత జంపఖానాపై కూర్చున్న చిన్నపిల్లలు. వెనుక బల్లలెక్కి నిలుచున్న పెద్దపిల్లలు. పటంలో అరవై డెబ్బది ముఖాలున్నా ఒక్క ముఖమైనా అలుక్కుపోయి ఉండదు. చొక్కా గుండీలు సైతం లెక్కపెట్టవచ్చును. భూతద్దం పెట్టి చూచినకొద్దీ కొత్త వివరాలు బయటపడతాయేగాని మసక కనబడదు.

ఆ స్పష్టతకు కారణం ఫోటో తీసినవాని నేర్పు ఒక్కటే కాదు. అతడు వాడిన కెమెరా పరిమాణం కూడాను. ముక్కాలి స్టాండుమీద నిలిచిన కర్రపెట్టె, దాని ముందు ఇత్తడిగొట్టంలో బిగించిన లెన్స్, నడుమ మడతలు మడతలుగా సాగే తిత్తి, వెనుక గరుకు అద్దం, ఆపైన ఫోటోగ్రాఫరు తలదూర్చే నల్లగుడ్డ - ఇదీ దాని స్వరూపం. అందులో పెట్టే గాజుపలక లేక ఫిల్ము చాలా పెద్దది. ‘ఫుల్ ప్లేటు’ అంటే 8½ అంగుళాల పొడవు, 6½ అంగుళాల వెడల్పు. ‘హాఫ్ ప్లేటు’ 6½ అంగుళాలు, 4¾ అంగుళాలు. తరువాతి కాలంలో ఇంటింటా వ్యాపించిన 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై ఒక బొమ్మకు దక్కే చోటు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే. లెక్కవేసి చూస్తే ఫుల్ ప్లేటు వైశాల్యం దానికి నలభై రెట్లకు పైబడి ఉంటుంది.

ఈ కెమెరాకు మరొక గుణం ఉన్నది. లెన్స్ అమర్చిన పలకను పైకీ క్రిందికీ జరపవచ్చును. వెనుక పలకను కొంత వాల్చవచ్చును. శ్రీముఖలింగం ఆలయ శిఖరాన్నిగాని, విజయనగరం గంటస్తంభాన్నిగాని ఫోటో తీయవలెనంటే చిన్న కెమెరాను తల పైకెత్తి పట్టవలసి వస్తుంది. అప్పుడు బొమ్మలో కట్టడం వెనుకకు పడిపోతున్నట్లు కనిపిస్తుంది. పెద్ద కెమెరాలోనైతే పెట్టెను నిటారుగా ఉంచి లెన్స్ పలకను మాత్రమే పైకి జరిపితే చాలును. స్తంభం స్తంభంలాగానే నిలుస్తుంది. అయితే ఇన్ని కదలికలు ఉన్నవంటే ఇన్ని జారుడు పట్టాలు, పళ్లచక్రాలు, మరలు, స్ప్రింగులు ఉన్నవన్నమాటే. కదిలే ప్రతి భాగమూ ఏదో ఒకనాడు బిగుసుకొంటుంది. అక్కడనే అసలు చిక్కు మొదలవుతుంది.

అటువంటి కెమెరా ఒకటి స్టూడియో మూలనో, పాతఇంటి అటకపైననో ముప్పది సంవత్సరాలు పడిఉన్నదనుకొందాము. ఎవరో ముచ్చటపడి దింపుతారు. షట్టర్ మీట నొక్కితే రెక్కలు సగం తెరుచుకొని ఆగిపోతాయి. ఇంట్లో కుట్టుమిషను నూనె ఉన్నది. నాలుగు చుక్కలు వేస్తారు. అద్భుతం జరిగినట్లు షట్టర్ టక్కున ఆడుతుంది! రెండు దినాలు ఇంటిల్లిపాదికీ ఆనందం. మూడవనాడు రెక్కలు ఒకదానికొకటి అంటుకొంటాయి. వారం తిరిగేసరికి లెన్స్ లోపలివైపు సన్నని నూనెపొర కమ్ముకొంటుంది. ముప్పది సంవత్సరాల నిర్లక్ష్యం చేయలేని పనిని నాలుగు చుక్కల ఆప్యాయత చేసిపెడుతుంది. పాత షట్టర్లకు విడిభాగాలు నేడు అంగడిలో దొరకవు. చెడినదానికి మారు తేవాలంటే అటువంటిదే మరొక పాత షట్టర్‌ను విప్పవలసి వస్తుంది. కనుక ఈ కెమెరా సంరక్షణలో మొదటి పాఠం నూనె ఎక్కడ వేయవలెనన్నది కాదు, ఎక్కడ వేయకూడదన్నది.

షట్టర్ రెక్కలు ఎందుకు అంటుకొంటాయో భౌతికశాస్త్రం చదివే విద్యార్థి సులభంగా గ్రహించగలడు. తడిసిన రెండు గాజుపలకలను ఒకదానిపై ఒకటి పెట్టి విడదీయబోతే ఎంత బలం కావలెనో అతడెరుగును. షట్టర్ రెక్కలు కాగితమంత పలుచని ఉక్కురేకులు. ఒకదానిపై ఒకటి ఒరుసుకొంటూ సెకనులో నూరవవంతు కాలంలో తెరుచుకొని మూసుకోవలెను. వాటిని ఆడించే స్ప్రింగు బలమెంత? వెంట్రుకకంటె కొంచెం లావైన తీగ బలం. రేకుల నడుమకు నూనె చేరితే తలతన్యత వాటిని పట్టివేస్తుంది, స్ప్రింగు ఓడిపోతుంది. పైగా నూనె వేసినచోట నిలువదు. సన్నని సందులగుండా ప్రాకిపోతుంది. దీపపు వత్తిలో నూనె పైకెక్కే న్యాయమే ఇదీను. అందుచేత షట్టర్ రెక్కలకు, లెన్స్ నడుమ కన్నాన్ని చిన్నదిగా పెద్దదిగా చేసే కనుపాప రేకులకు ఎన్నడూ నూనె తగులరాదు. అవి పొడిగా పనిచేయడానికే పుట్టినవి.

ఇక కెమెరాను భాగాలుగా చూడవలెను. అది ఇత్తడి, కర్ర, తోలు, గుడ్డ, గాజు అనే వేరువేరు పదార్థాల సంసారం. ఒకదానికి మేలు చేసేది మరొకదానికి కీడు చేయవచ్చును. అదృష్టవశాత్తూ ఈ పదార్థాల స్వభావాన్ని తరతరాలుగా ఎరిగిన చేతిపనులు ఈ రెండు జిల్లాలలోనే ఉన్నవి.

ఇత్తడి సంగతి శ్రీకాకుళం జిల్లా బుడితి గ్రామస్థులకు తెలిసినంతగా ఎవరికి తెలుసును? అక్కడి ఇత్తడి, కంచు పాత్రలు పేరెన్నికగన్నవి. ఆ పాత్రలు నల్లబడితే ఇల్లాలు చింతపండు పెట్టి తోమి మిలమిల మెరిపిస్తుంది. కాని కెమెరా ఇత్తడికి ఆ మర్యాద పనికిరాదు. లెన్స్ గొట్టంపైనా, పళ్లపట్టీ అంచులపైనా తయారుచేసినవారు సన్నని లక్కపూత పూసి ఉంటారు. సముద్రపుగాలినుండి ఇత్తడిని కాపాడేది ఆ పూతయే. చింతపండు పులుపుకు, ఇటుకపొడి గరుకుకు ఆ పూత లేచిపోతుంది. అంకెలలో నింపిన నల్లరంగు ఊడిపోతుంది. స్పిరిట్ తగిలినా లక్క కరుగుతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడవడమే దానికి తగిన సేవ. వాడి వాడి మెత్తబడి, నూగు రాలిపోయిన పాత నేతపంచె ముక్క ఇందుకు శ్రేష్ఠం. పొందూరు ఖద్దరు పుట్టినచోట అటువంటి గుడ్డకు కరవు ఉండదు.

కెమెరా పట్టాపై లెన్స్‌ను ముందుకూ వెనుకకూ నడిపేది పళ్లపట్టీ, దానిపై తిరిగే పళ్లచక్రం. ఇక్కడ కొంత కందెన అవసరమే. అయితే మొదట పాత జిడ్డును తీయవలెను. ఏళ్లతరబడి దుమ్ము కలిసిన గ్రీజు ఆకురాయివలె పళ్లను అరగదీస్తుంది. దానిపై కొత్త గ్రీజు పూయడం బురదపై గంధం పూసినట్లే. దంతధావనానికి వాడి విడిచిన బ్రష్షుతో, వెదురుపుల్లతో పళ్ల సందులు శుభ్రం చేసి, ఆరిన తరువాత గోరుపై పట్టేటంత గ్రీజు వ్రేలికొనతో పూయవలెను. చక్రాన్ని అటుచివరనుండి ఇటుచివరకు పదిసార్లు త్రిప్పి, పైకి వచ్చిన గ్రీజునంతా గుడ్డతో తుడిచివేయవలెను. కంటికి కనిపించే గ్రీజు ఉన్నదంటే అది ఎక్కువ అయినట్లే.

ఇంటి నూనెలు ఎందుకు పనికిరావన్నది తరగతి గదిలోనే ఋజువు చేయవచ్చును. ఒక ఇత్తడిరేకుపై కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం, కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క వరుసగా వేసి, నెలదినాలు ఒక మూల ఉంచి, దినదినమూ చూచి పుస్తకంలో వ్రాయించవలెను. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే గడ్డకడుతుంది. పుష్యమాసపు తెల్లవారుజామున సీసాలో తెల్లగా పేరుకొన్న నూనెను చూడని పిల్లవాడు ఉత్తరాంధ్రలో ఉండడు. అదే నూనె పళ్లచక్రంలో ఉంటే చక్రం గతి అంతే. నువ్వులనూనె గాలి తగిలి క్రమంగా జిగురెక్కుతుంది. ఆముదం మొదటినుంచీ చిక్కనే. ఇక దీపపుకుందె అంచున నూనె నిలిచినచోట పచ్చని చిలుము పడుతుంది గదా! గింజల నూనెలలోని ఆమ్లం ఇత్తడిలోని రాగిని తినడంవల్ల వచ్చిన పచ్చదనమది. కుట్టుమిషను నూనె చిలుము పట్టించదుగాని, పలుచన కావడంచేత ఊరకే ప్రాకుతుంది. గడియారాల పనివారు వాడే నూనె వీటన్నిటికంటె వేరు. వేసినచోట కదలక నిలవడం దాని గుణం. పూర్వం పాశ్చాత్యదేశాలలో ఆ నూనెను డాల్ఫిన్ జాతి జలచరాల దవడనుండి తీసేవారు. నేడు రసాయనశాలలలో తయారు చేస్తున్నారు.

కర్ర విషయానికి వస్తే బొబ్బిలి వీణ గుర్తుకు రావలెను. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకర్రను తొలిచి వీణలు చేసేవారికి కర్ర ప్రాణమున్న వస్తువనీ, వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొంటుందనీ తెలుసును. కెమెరా కర్ర సాధారణంగా టేకుగాని, మహాగనిగాని అవుతుంది. ఎంత పండిన కర్ర అయినా శ్రావణ భాద్రపదాలలో కొంత ఉబ్బక మానదు. అప్పుడు ప్లేటు పెట్టే డార్క్ స్లైడ్ గాడిలో బిగుసుకొంటుంది. తొందరపడి గరుకుకాగితంతో రుద్దినవాడు మాఘమాసంలో పశ్చాత్తాపపడతాడు. కర్ర ముడుచుకొన్నాక రుద్దినచోట సందు మిగిలి, ఆ సందుగుండా వెలుతురు దూరి ప్రతి ప్లేటునూ పాడుచేస్తుంది. వానలు వెళ్లేవరకు ఓపికపట్టడమే ఉత్తమం.

కర్రపై కర్ర జారేచోట నూనె వేయరాదు. కర్ర నూనెను పీల్చుకొని మరింత ఉబ్బుతుంది. ఈ సూక్ష్మం వాయులీన విద్వాంసులకు బాగా తెలుసును. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల ఏర్పడినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు వాయులీనం బోధించినారు. వాయులీనం బిరడాలు బిగుసుకొంటే ఎవరూ నూనె వేయరు; సబ్బు, సుద్ద రాస్తారు. కెమెరాకు సుద్దపొడి ముప్పుగనుక దాని బదులు తేనెమైనంగాని, కొవ్వొత్తి ముక్కగాని గాడిలో ఒకసారి రాసి, గుడ్డతో రుద్ది మెరుగుపెడితే స్లైడ్ హాయిగా జారుతుంది. ముక్కాలి స్టాండు కాళ్లకు కూడా ఇదే వైద్యం.

సంగీతానికీ కెమెరాకూ గల చుట్టరికం ఇంతటితో తీరదు. 1940ల దశకంలో కేరళలోని ఆలెప్పీ పట్టణంలో వాద్యపరికరాలు చేసే కుటుంబానికి చెందిన కె. కరుణాకరన్ అనే పనివాని వద్దకు ఒక స్టూడియో యజమాని చినిగిన కెమెరా తిత్తిని బాగుచేయడానికి తెచ్చినాడు. హార్మోనియం తిత్తులు కుట్టిన చేతులకు ఆ పని కష్టం కాలేదు. తిత్తి చేయగలిగినవాడు కెమెరానే ఎందుకు చేయకూడదన్న ఆలోచనతో ఆయన టేకుకర్ర, ఇత్తడి కలిపి ‘వాగీశ్వరి’ కెమెరాను నిర్మించినాడు. విదేశాలనుండి కెమెరాలు రావడం దుర్లభమైన ఆ కాలంలో అది దేశంలోని అనేక స్టూడియోలకు చేరినది. విదేశీ కెమెరాకు లొంగక తప్పదనుకొన్న చోట ఒక తిత్తి మరమ్మతు దారి చూపినది.

తిత్తికి శత్రువులు రెండు: మడత ఒరిపిడి, సూదిబెజ్జం. చీకటిగదిలో తిత్తిని పూర్తిగా సాగదీసి, లోపల టార్చిలైటు వెలిగించి చూస్తే మడతల మూలలలో నక్షత్రాలవలె బెజ్జాలు మెరుస్తాయి. ఒకటి రెండయితే పలుచని నల్లగుడ్డ ముక్కను మెత్తని జిగురుతో లోపలినుండి అతికించవచ్చును. దళసరి అట్టలు అంటిస్తే తిత్తి మడతపడదు. తోలు ఎండినదని నూనె పట్టించరాదు; లోపలి గుడ్డను అతికించిన జిగురు ఊడిపోయి, పొరలు విడిపోతాయి. వాడనప్పుడు నెలకొకసారి తిత్తిని సాగదీసి కొంతసేపు గాలి తగలనీయడం మేలు.

ఇక షట్టర్. పాత స్టూడియోలలో మూడు విధాలైనవి వాడుకలో ఉండేవి. మొదటిది మాంచెస్టరు నగరపు థార్న్‌టన్ పికార్డ్ సంస్థ పేరు మోసిన తెరషట్టర్. రబ్బరు పూసిన నల్లగుడ్డ ఒక కర్రబొంగరంనుండి మరొకదానికి చుట్టుకొంటూ, నడుమనున్న కిటికీగుండా వెలుతురును పోనిస్తుంది. నూనె రబ్బరుకు విషం. అక్కడ చుక్క కూడా పనికిరాదు. పని ముగిసిన తరువాత స్ప్రింగు బిగువును వదలివేయవలెను. రెండవది మ్యూనిక్ నగరంలో డెకెల్ సంస్థ చేసిన ‘కాంపౌండ్’ షట్టర్. దాని నెత్తిన చిన్న ఇత్తడిగొట్టం, అందులో పిస్టన్ ఉంటాయి. గొట్టంలోని గాలి నెమ్మదిగా తప్పుకొనే వేగాన్నిబట్టి షట్టర్ కాలం నిర్ణయమవుతుంది. అక్కడ నూనె వేస్తే పిస్టన్ అంటుకొంటుంది, కాలం తప్పుతుంది. గొట్టాన్నీ పిస్టన్‌నూ పొడిగా తుడవడమే దాని చికిత్స. మూడవది అదే సంస్థ 1912లో తెచ్చిన ‘కాంపర్’. గాలికి బదులు గడియారంలోవంటి చిన్న పళ్లచక్రాల వరుస ఇందులో కాలాన్ని కొలుస్తుంది.

ఈ చివరిదానికి మాత్రమే నూనె కావలెను. అదీ చక్రాల ఇరుసు కొనల వద్ద మాత్రమే. సన్నని సూదికొనను గడియారపు నూనెలో ముంచితే ఎంత అంటుతుందో అంత చాలును. చక్రాల పళ్లకు వేయరాదు. ఈ పని గడియారం బాగుచేయగల చేతికి ఒప్పగించడం వివేకం. విప్పిన షట్టర్‌లోనుండి ఎగిరిపోయిన స్ప్రింగు గడ్డివామిలోని సూదికంటె కష్టంగా దొరుకుతుంది. కొన్ని పాత షట్టర్ల కనుపాప రేకులు లోహానివి కావు. ద్రావకంలో ముంచితే వంకరపోతాయి. కాబట్టి మొత్తం షట్టర్‌ను ద్రావకంలో నానబెట్టడం ప్రమాదం.

ఎవరికైనా సాధ్యమయ్యే పని ఇది: మొదట మెత్తని కుంచెతో దుమ్ము దులపవలెను. ఏ మర విప్పినా విప్పకముందే ఫోటో తీసి ఉంచవలెను. ఇందుకు చేతిలోని సెల్‌ఫోను చాలును. ఒక అట్టపై కెమెరా బొమ్మ గీసి, విప్పిన మరను బొమ్మలో దాని స్థానంలోనే గుచ్చి ఉంచితే తారుమారు కాదు. స్క్రూడ్రైవర్ మొన మర గాడికి సరిగా సరిపోవలెను; సన్నదైతే గాడి చెడుతుంది. కదలనిదానిని బలవంతం చేయరాదు. ఏ భాగం ఏ దినం శుభ్రం చేసినదీ, ఏమి పూసినదీ ఒక పుస్తకంలో వ్రాయవలెను. తరువాత వచ్చేవాడు ఆ పుస్తకానికి ఋణపడి ఉంటాడు.

సముద్రతీరంలో ఈ శ్రద్ధ రెట్టింపు కావలెను. కళింగపట్నంనుండి బారువవరకు గాలిలో ఉప్పు ఉన్నది. ఉప్పు తేమను పిలుస్తుంది. తేమ ఇత్తడికి చిలుమునూ, ఉక్కుకు తుప్పునూ, లెన్స్‌కు బూజునూ తెస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఈ తీరాన్ని ఎంత తడిపినవో అందరికీ తెలిసినదే. తోలుపెట్టెలో మూసి అటకపై పెట్టిన కెమెరా భద్రంగా ఉన్నట్లు కనిపిస్తుందిగాని, తోలు పీల్చిన తేమ లోపలి లెన్స్‌కే చేరుతుంది. గట్టిగా మూతపడే డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో లెన్స్‌ను, షట్టర్‌ను విడిగా ఉంచి, పొట్లాలను అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టవలెను. కర్రపెట్టెను మాత్రం గాలి ఆడే బీరువాలో ఉంచవలెను. నెలకొకసారి షట్టర్‌ను అన్ని వేగాలలోనూ పదేసి సార్లు ఆడించవలెను. కదలని యంత్రంలోనే జిడ్డు గట్టిపడుతుంది.

షట్టర్ ఆరోగ్యాన్ని చెవితో కూడా పరీక్షించవచ్చును. ఒక సెకను వద్ద నిలిపి మీట నొక్కితే తెరుచుకొన్న చప్పుడుకూ మూసుకొన్న చప్పుడుకూ నడుమ చక్రాల గురగుర ఒకే తీరున వినిపించవలెను. నడుమ తడబడితే జిడ్డు ఉన్నదన్నమాట. సెల్‌ఫోనులో ఆ చప్పుడును పట్టి, రెండు చప్పుళ్ల నడిమి కాలాన్ని విద్యార్థులచేత కొలిపించవచ్చును. చాలా షట్టర్లు చచ్చినవని పక్కన పడవేసినా, నిజానికి అవి ఎండిన జిడ్డులో చిక్కుకొని ఉన్నవే. పాత జిడ్డు తీస్తే, నూనె చుక్కైనా వేయకుండానే మేలుకొనేవి ఎన్నో.

షీట్ ఫిల్ము నేటికీ తయారవుతున్నది. అది ఖరీదనుకొంటే ఫోటో ప్రింటు కాగితాన్నే ప్లేటు స్థానంలో పెట్టి బొమ్మ తీయవచ్చును. అదీ వద్దనుకొంటే గరుకు అద్దం ఉండనే ఉన్నది. బడి ఆవరణలో అటువంటి కెమెరాను నిలబెట్టి, నల్లగుడ్డ కప్పి, పిల్లలను ఒక్కొక్కరిని పిలిస్తే చాలును. తమ బడి, చింతచెట్టు, జెండాకర్ర తలక్రిందులై అద్దంపై రంగులతో వెలుగుతూ కనిపిస్తాయి. లెన్స్ పాఠాన్ని నల్లబల్లపై గీతలతో నేర్చినవానికీ, ఆ గుడ్డ క్రింద చూచినవానికీ భేదం ఉంటుంది. పళ్లచక్రాన్ని మెల్లగా త్రిప్పితే మసకలోనుండి చింతాకు ఒక్కొక్కటే విడివడి స్పష్టమవుతుంది. ఆ చక్రం అలా మెత్తగా తిరగడానికి కావలసినది ఒక పాత పంచెముక్క, గోరంత గ్రీజు, ఆపైన వేయకుండా ఆపుకొన్న నాలుగు నూనె చుక్కలు.